పీక్ మీద పొల్లు

నవంబర్ 20, 2024. బుధవారం

నిన్నటితో నడాల్ ఆట ముగిసింది. స్పెయిన్‌లో, డేవిస్ కప్‌లో, ఒక డచ్ ఆటగాడి చేతిలో రెండు సెట్లలో ఓడి వెళ్ళిపోయాడు. పొద్దున టీ తాగుతూ ఫోన్‌లో చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మన ఊరివాడు కాదు, మన భాష రాదు, అయినా ఇంట్లోంచి ఎవరో వెళ్ళిపోయినట్టుంది.

ఆరింటికే తాండూరు నుంచి పరమేశ్ మెసేజ్. "అయిపాయె గదరా బాలూ. ఫెదరర్ పాయె, నడాల్ పాయె. ఇగనన్న జెప్పు, ఎవని పీక్ పెద్దది?"

మాది ముప్పై ఏళ్ళ స్నేహం, ఇరవై ఏళ్ళ తగాదా. ఎవరు ఎక్కువ కప్పులు గెలిచారన్నది తగాదా కాదు, అది మా స్కూల్లో ఆరో తరగతి పిల్లలైనా లెక్కపెడతారు. తన ఆట శిఖరాన ఉన్నప్పుడు ఎవరు అందరికంటే గొప్పగా ఆడారన్నది తగాదా. నేను ఒక్క ఏడాది చూడాలంటాను. వాడు పదేళ్ళు చూడాలంటాడు.

ఈసారి తేల్చేస్తాను. ఆటల సామాను రాయడానికి స్కూల్లో ఇచ్చిన పొడుగు రిజిస్టర్ ఒకటి సగం ఖాళీగా ఉంది. ముందు నుంచి టేబుల్ గీశాను. ఆరుగురు ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి ఒక్క ఏడాది. గెలుపులు, ఓటములు, ఎవరి మీద, ఏ కోర్టు మీద. వెనక నుంచి ఇది రాస్తున్నాను. అరుణ నా రిజిస్టర్లు ముట్టదు, కాపురానికి వచ్చిన నాటి నుంచీ వాటికి చెమట వాసన అంటుంది.

ఇంకో సంగతి. మొన్న సోమవారం గొంతు చూపించుకున్నాను. ఇక్కడే వికారాబాద్‌లో, ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గర. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి చూసింది. ఎడమ స్వరతంత్రి మీద తెల్లగా ఏదో పెరిగిందట. హైదరాబాద్ వెళ్ళి ముక్క తీయించి పరీక్ష చేయించాలని చీటీ రాసిచ్చింది. "లేట్ చెయ్యకండి సార్," అంది. చలికాలం కదా, నాకు ఏటా గొంతు బొంగురు పోతుంది. పైగా సిగరెట్ మానేసి పదేళ్ళయింది.

టేబుల్‌కు రెండు వారాలు చాలు. అది ముగించి వెళ్తాను. చీటీ ఈ పుస్తకం అట్ట లోపల పెట్టాను.

నవంబర్ 24, ఆదివారం

తాండూరు వెళ్ళొచ్చాను. ప్రతి ఆదివారం లాగే పొద్దుటి రైలుబండికి. సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఉన్న ఒకే ఒక్క టెన్నిస్ కోర్టు మాది అన్నంత హక్కుగా ఇన్నేళ్ళూ వాడుకున్నాం. ఇప్పుడు ఆడేది అరగంట, బెంచీ మీద కూర్చునేది రెండు గంటలు. పరమేశ్‌కు నాపరాళ్ళ పాలిష్ యూనిట్ ఉంది. రోజంతా మిషన్ల పక్కన అరిచి అరిచి వాడికి మామూలుగా మాట్లాడడం చేతకాదు. ఇదివరకు మా ఇద్దరి గొంతులూ కాలనీ గేటు దాకా వినపడేవి. ఈరోజు వాడిదే వినపడింది.

"మెకన్రో, పందొమ్మిదొందల ఎనభై నాలుగు," అన్నాను. "ఎనభై రెండు మ్యాచులు గెలిచిండు. మూడే ఓడిండు. గంతకంటె ఏం గావాలె?"

"మూడిట్ల ఒకటి ఫ్రెంచ్ ఫైనల్. రెండు సెట్లు ముందుండి పోగొట్టుకుండు. కొసదాక నిలవనిది ఏం పీక్‌రా?"

"పీక్ అంటేనే నిలవనిది."

"కొత్త బండ ఏదైనా మెరుస్తది. పదేండ్లు జనం తొక్కినంక జూడు, ఏ బండ మిగిలిందో."

వాడికి ప్రపంచమంతా నాపరాయే. మధ్యాహ్నం వాళ్ళింట్లో జొన్నరొట్టె తిన్నాం. వాళ్ళమ్మ బీరమ్మ నా ముఖంలోకి చూసి, "ఏం కొడుకా, గొర్ల మందకాడ మంచుల పండినట్టయింది గొంతు?" అంది. ఎనభై దాటిన మనిషి, ఒక చెవి వినపడదు. ఆమెకే తెలిసిపోయిందంటే దాచి లాభం లేదనిపించి బయటికొచ్చాక పరమేశ్‌కు చెప్పాను. చీటీ సంగతి కూడా. 

"రేపే పోదాం నడువు," అన్నాడు వాడు, అరవకుండా, మెల్లగా.

"టేబుల్ గానియ్యి. రెండు వారాలు."

"టేబుల్‌కు, దీనికి ఏం సంబంధంరా?"

సంబంధం ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను. చేతిలో పని సగంలో వదిలి ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ వచ్చి ఆ పని ముట్టడని నాకెందుకో గట్టి నమ్మకం. నాన్న మా ఊరు కుల్కచర్లలో సగం దున్నిన చేను వదిలి వెళ్ళాడు. ఇంట్లో చెప్పొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను.

అక్కడ ఒక సిగరెట్ కాల్చిన మాట నిజమే. ఆదివారం ఒక్కటి లెక్కలోకి రాదు.

నవంబర్ 27

ఈరోజు దొరికిపోయేవాడిని.

స్నానం చేసి వచ్చేసరికి అరుణ చేతిలో నా ఫోన్. పరమేశ్ మెసేజ్ పెట్టాడు. వాడికి వేళ్ళతో కొట్టడం రాదు, ఫోన్‌కు చెప్తాడు, అది తెలుగులో రాసుకుంటుంది. "పీక సంగతి నాన్చకు. ఇంట్ల జెప్పు, లేకుంటె నేనే జెప్త."

"పీక సంగతేంది?" అంది అరుణ.

ఇంత వేగంగా అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. "పీక కాదు, పీక్. టెన్నిస్ ముచ్చట. ఎవని పీక్ పెద్దదని టేబుల్ రాస్తున్న గద. ఫోన్ రాసుడుల పొల్లు పడలేదు."

"మరి ఇంట్ల జెప్పుడేంది?"

"నీతోని కూడా అభిప్రాయం అడగమంటడు. వాడొక పిచ్చోడు."

అరుణ ఆ మెసేజ్‌ను ఇంకోసారి చదివింది. "ఒక్క పొల్లుకు ఎంత తేడా వచ్చె," అని ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురాన్ని ఒక పొల్లు మీద నిలబెట్టి స్కూల్‌కు వెళ్ళాను. దారంతా నవ్వొచ్చింది. స్కూల్ దగ్గర బండి దిగాక రాలేదు.

నవంబర్ 28

ఫెదరర్, 2006. 92 గెలుపులు, 5 ఓటములు. ఐదులో నాలుగు నడాల్ చేతిలోనే. గొంతు నిన్నటి మీద నయం.

డిసెంబర్ 1, ఆదివారం

తాండూరు వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని పరమేశ్‌కు చెప్పాను, బాగాలేదనగానే వాడు ఇంకా భయపడ్డాడు. మాట వెనక్కి తీసుకుని, పని ఉందన్నాను.

అరుణకు కొత్త సరదా పట్టుకుంది. చపాతీలు చేస్తూ, "మీ పీక్ ఎందాక వచ్చింది?" అని అడుగుతుంది. ఇంతకాలం టీవీలో టెన్నిస్ పెడితే, ఆ బంతి అటూ ఇటూ పోవుడు చూస్తే మెడ నొస్తదని లేచి వెళ్ళిపోయే మనిషి. అబద్ధం నిలబెట్టుకోవాలి కదా, చెప్పాను. జొకోవిచ్ 2011లో వరసగా నలభై ఒక్క మ్యాచులు గెలిచాడనీ, నడాల్‌ను ఆరు ఫైనల్స్‌లో ఆరుసార్లు ఓడించాడనీ.

"ఆరుకు ఆరా? పాపం," అంది. "మరి ఐపోయినట్టేనా టేబుల్?"

"ఇంకా లేదు."

"మంచిది," అని చపాతీ తిప్పింది.

డిసెంబర్ 5

బోర్గ్‌ను చేర్చాను. ఆయన లేకుండా టేబుల్ అనలేం. లేవర్‌ను కూడా. ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద టోర్నమెంట్లూ గెలవడమన్నది రెండుసార్లు చేసిన మనిషిని వదిలేస్తే పరమేశ్ నవ్వుతాడు. ఎనిమిదిమంది అయ్యారు. టేబుల్ ఇక ఈ వారానికి కాదు, ఇరవయ్యో తేదీకి.

అరుణ పొద్దున్నే ఉప్పు వేసిన వేడినీళ్ళు గ్లాసులో పెట్టింది. నేను అడగలేదు.

డిసెంబర్ 9

మింగుతుంటే కొంచెం అడ్డం పడుతోంది. చలి.

డిసెంబర్ 15, ఆదివారం

తాండూరులో పరమేశ్‌తో గొడవ అయింది. వాడితో తగాదా రోజూ ఉండేదే, గొడవ ఎప్పుడూ పడలేదు.

టేబుల్ తీసుకెళ్ళాను. వాడు బెంచీ మీద కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో గడి చూసుకుంటూ పోయాడు. మార్టినా నవ్రతిలోవా, 1983, ఎనభై ఆరు గెలిచి ఒక్కటే ఓడింది. స్టెఫీ గ్రాఫ్, 1988, నాలుగు టైటిళ్ళూ ఒలింపిక్ బంగారమూ. సాంప్రాస్. కానర్స్. వాడు పేజీ తిప్పి లెక్కపెట్టాడు.

"పన్నెండు మంది. ఆర్గురంటివి."

"ఆడోళ్ళను వదిలిపెడితే ఎట్ల? నవ్రతిలోవా ఏడాదంత ఒక్కటే ఓడింది. మొగోళ్ళల్ల ఎవడున్నడు గట్ల?"

"నేను వాళ్ళ సంగతి అడుగుతలేను. రెండు వారాలంటివి, నాలుగు వారాలాయె. నువ్వు టేబుల్ రాస్తలేవురా బాలూ. దాని ఎనక దాసుకుంటున్నవ్."

నాకు కోపం వచ్చింది. అరవబోయాను. ఈల లాంటిదేదో వచ్చింది. కోర్టు అవతల షటిల్ ఆడుతున్న ఆడపిల్లలు ఇటు చూశారు. మైకు లేకుండా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పిలవగల మనిషిని నేను. పీఈటీ ఉద్యోగం ఇంటర్వ్యూలోనే అధికారి చెవులు మూసుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటాను. పరమేశ్ తల దించుకుని కోర్టు గీతను బూటుతో రుద్దుతూ కూర్చున్నాడు. వాడు అరిచినా బాగుండేది.

"ఆదివారం లోపట నువ్వు జెప్పకుంటె నేను వదినకు ఫోన్ జేస్త," అన్నాడు.

"చేస్తే మళ్ళ తాండూర్‌ల అడుగు పెట్ట."

బండిలో కిటికీ పక్కన కూర్చుని రుక్మాపూర్ స్టేషన్ దాటేదాకా ఏడ్చాను. రెండు సిగరెట్లు. రాయకపోతే ఎలా, ఇక్కడ కూడా అబద్ధమైతే ఇంక ఎక్కడ రాయాలి.

డిసెంబర్ 16

నాన్న గురించి రాయాలని రాత్రి నుంచి అనిపిస్తోంది. నాన్నకూ గొంతే. బీడీలు. చివరి నాలుగు నెలలు మాట లేదు. మంచం పక్కన పళ్ళెం పెట్టుకుని చెంచాతో కొట్టేవాడు. ఒకసారి కొడితే నీళ్ళు, రెండుసార్లు కొడితే అమ్మ. నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను, అరుణ కొత్తగా కాపురానికి వచ్చింది. ఎక్కువసార్లు ఆ చెంచాకు పలికింది అరుణే. నేను స్కూల్లో ఉండేవాడిని. సాయంత్రం కూడా స్కూల్లోనే ఉండేవాడిని, ఆటల పోటీలున్నాయని. అన్ని పోటీలు ఏ స్కూల్లోనూ ఉండవు.

డిసెంబర్ 22, ఆదివారం

వెళ్ళలేదు. వాడు అరుణకు ఫోన్ చేయలేదు. నేను తాండూరు రానన్న మాటకు భయపడ్డాడు. నా బెదిరింపు పనిచేసినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

డిసెంబర్ 23

చెప్పేద్దామని కూర్చున్నాను. అరుణ కందికాయలు ఒలుస్తోంది. "ఒక ముచ్చట జెప్పాలె," అన్నాను.

చేయి ఆగింది. తల ఎత్తలేదు. "పీక్ ముచ్చటేనా?" అంది.

అదే నేను తవ్వుకున్న గుంట. అవునంటే టెన్నిస్, కాదంటే ఇంకేమిటని అడుగుతుంది. "పీక్ ముచ్చటనే," అన్నాను. "సాంప్రాస్‌ను ఏ ఏడాది పెట్టాలో తెలుస్తలేదు."

"నిమ్మలంగ చూస్కోండ్రి, తొందరేముంది," అని మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. గింజలన్నీ ఒక గిన్నెలో, పొట్టు ఇంకో గిన్నెలో వేయాల్సింది, రెండూ ఒకే దాంట్లో వేస్తోంది. నేను చూసి కూడా చెప్పలేదు.

జనవరి 5, 2025

మోనికా సెలెస్‌ను చేర్చాను. పందొమ్మిదేళ్ళకు ఎనిమిది పెద్ద టైటిళ్ళు. ఆట మధ్య విరామంలో కుర్చీలో కూర్చుని ఉంటే వెనక నుంచి ఒకడు కత్తితో పొడిచాడు. రెండేళ్ళకు పైగా ఆడలేదు. తిరిగొచ్చింది, ఇంకొక్క పెద్ద టైటిల్ గెలిచింది, కానీ ఆ ఆట రాలేదు. ఈమె పీక్ ఎక్కడని రాయను? తొంభై రెండా? రావలసిన తొంభై నాలుగా, తొంభై ఐదా? గడి ఖాళీగా వదిలేశాను. ఈ ఒక్క గడి నిండితే గానీ టేబుల్ పూర్తయినట్టు కాదు, ఇది నిండేది కాదు. ఈ మాట రాసేటప్పుడు నాకు తేలిగ్గా అనిపించింది. అందుకే నామీద నాకే అసహ్యం వేసింది.

జనవరి 11

గొంతులోంచి చెవి దాకా నొప్పి, ఎడమవైపు. దిండు ఎత్తు తగ్గించాను.

జనవరి 21, మంగళవారం

స్కూల్ నుంచి వచ్చేసరికి మెల్‌బోర్న్‌లో జొకోవిచ్, అల్కరాజ్ ఆడుతున్నారు. ముప్పై ఏడేళ్ళ మనిషి, ఇరవై ఒక్కేళ్ళ మనిషి. మొదటి సెట్‌లోనే ముసలాయన తొడ పట్టేసింది. బయటికెళ్ళి కట్టు కట్టించుకుని వచ్చాడు. మొదటి సెట్ పోయింది. తర్వాత మూడూ గెలిచాడు.

అరుణ పక్కనే కూర్చుంది, మెడ నొప్పి ఊసెత్తలేదు. "కాలు నొస్తదని అందరి ముందట చెప్పిండు గద," అంది. "కట్టు కట్టించుకొని వచ్చిండు. సిగ్గు పడలే."

నేను టీవీ సౌండ్ పెంచాను.

జనవరి 24

సెమీఫైనల్‌లో జొకోవిచ్ ఒక్క సెట్ ఆడి చేతులెత్తేశాడు. కండరం చిరిగిందట. నడిచి వెళ్తుంటే జనంలో కొందరు ఎగతాళిగా అరిచారు. స్టాఫ్‌రూమ్‌లో ఫోన్‌లో చూశాను. మొన్నటి ఆట అతని జీవితంలోకెల్లా గొప్ప ఆటల్లో ఒకటి అని పరమేశ్‌కు రాద్దామనుకున్నాను. నెల దాటింది మాట్లాడి. రాయలేదు.

ఎల్లుండి జెండా పండుగ. పొద్దునా సాయంత్రమూ ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను. ఈ రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడకపోతే ఆదివారానికి మిగులుతుంది.

జనవరి 26, ఆదివారం

మిగల్లేదు.

జెండా కర్ర ముందు మూడు వందల మంది పిల్లలు వరసల్లో నిలబడ్డారు. మాజీ సర్పంచి, ఊరి పెద్దలు, తల్లులు గోడ పక్కన ఉన్నారు. హెడ్మాస్టర్ ఇమ్మానుయేలు సార్ నావైపు చూసి తల ఊపారు. ఈ స్కూల్లో పధ్నాలుగేళ్ళుగా పరేడ్‌కు నేను మైకు ముట్టలేదు. ఊపిరి పీల్చుకుని "సావధాన్" అన్నాను. "సా" వచ్చింది. మిగతాదంతా గాలి.

ముందు వరస పిల్లలు నా నోరు చూసి కాళ్ళు దగ్గర పెట్టారు. వెనకవాళ్ళు అలాగే ఉన్నారు. ఎవరో నవ్వారు. మళ్ళీ అన్నాను, ఈసారి "సా" కూడా రాలేదు. నుదుటి మీద చెమట పట్టింది. జనవరి చలిలో, అందరి ముందు, నోరు తెరిచి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అప్పుడు పదో తరగతి అంజలి, స్కూల్ లీడర్, నావైపు ఒకసారి చూసి వరసలోంచి ఒక అడుగు ముందుకొచ్చి తనే అరిచింది. అన్ని కాళ్ళూ ఒక్కసారే కలిశాయి. మంచి గొంతు ఆ అమ్మాయిది. కడుపులోంచి అరవాలని నేనే నేర్పాను.

జెండా ఎగిరాక ఇమ్మానుయేలు సార్ దగ్గరికొచ్చి, "మైకు తెప్పిస్తుంటి గద సార్, చలికి అందరి గొంతులు పట్టుకుంటున్నయి," అన్నారు. మంచి మనిషి. ఆ మంచితనం భరించలేక బిస్కెట్ల పంపకం అయ్యేలోపే వచ్చేశాను.

మధ్యాహ్నం రెండింటికి ఫైనల్ ఉంది. టీవీ పెట్టలేదు. రిజిస్టర్ అట్ట లోపలి నుంచి చీటీ తీసి అరుణ ముందు పెట్టాను. ఆమె మడతలు విప్పి, చివరిదాకా చదివి, మళ్ళీ పైకి వచ్చి తేదీ చూసింది.

"నవంబర్ పద్దెనిమిది," అంది.

"అవును."

నేను అనుకున్నవేవీ జరగలేదు. ఏడవలేదు, తిట్టలేదు. చీటీని అవే మడతల్లో మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"రేపు పొద్దుటి బండికి పోదాం. బ్యాగు సర్దిన."

ఎప్పుడు సర్దావని అడిగే ధైర్యం లేకపోయింది. పరమేశ్‌కు ఫోన్ చేసి, పలకకుండానే పెట్టేశాను. వాడే తిరిగి చేసి, బండి సంగతి అరుణ చెప్తే విని, "సరే, సరే, స్టేషన్‌కు వస్త," అన్నాడు. 

జనవరి 28

హైదరాబాద్, మా అమ్మాయి రచన వాళ్ళ ఇంట్లో రాస్తున్నాను. బిడ్డ ఆఫీసుకు సెలవు పెట్టింది. ఎన్నిసార్లు వద్దని చెప్పినా నా ముఖం వైపు చూడకుండా ఏదో ఒకటి తినమంటోంది.

నిన్న డాక్టర్ మళ్ళీ గొట్టం వేసి చూసింది. ఈరోజు మత్తు ఇచ్చి ముక్క తీశారు. పది రోజులకు రిపోర్టు. నిన్నటి మాటలే పొల్లుపోకుండా రాసుకోవాలి, ఎందుకంటే ఈ పుస్తకంలో నేను రాయనివి అవి.

డాక్టర్ కాగితం మీద రాసుకుంటూ, "గొంతు ఎప్పటి నుంచి మారింది?" అని అడిగింది.

"దసరా తర్వాత," అన్నాను. "మూడు నెలలు."

వెనక కుర్చీలోంచి అరుణ అంది, "కాదు మేడం. జూన్‌ల. బడి తెరిచిన వారం."

నేను వెనక్కి తిరిగాను. ఆమె నావైపు చూడకుండా డాక్టర్‌కే చెప్పింది.

"జూన్ దాక మా సారు బండి గేటు ముందట ఆపి, 'అరుణా, గేటు' అని పిలుస్తుండె. నేను వంటింట్ల ఉన్నా, మిద్దె మీద బట్టలారేస్తున్నా వినొస్తుండె. పక్కింటోళ్ళు నవ్వుతుండిరి. జూన్ పన్నెండుకు బడి తెరిచిండ్రు. ఆ వారం నుంచి హారన్ కొడుతున్నరు. ఒక్కసారి గూడ పిలవలే. ఆగస్టుల మా బిడ్డ ఫోన్ చేస్తె నాకే ఇచ్చుడు షురు చేసిండ్రు. దసరాకు నీళ్ళు తాగంగ దగ్గు. డిసెంబర్‌ల అన్నం మెత్తగ వండుమన్నరు."

డాక్టర్ అన్నీ రాసుకుంది. నేను హారన్ కొడుతున్నానన్న సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. జాన్ మెకన్రో నలభై ఏళ్ళ కింద ఏ మ్యాచులు ఓడాడో చెప్పగలను.

వరండాలో బల్ల మీద కూర్చున్నాక అడిగాను. "తెలిసి ఎందుకు ఊకున్నవ్?"

"పరమేశన్న మెసేజ్ వచ్చిన్నాడు అడిగిన గద. పొల్లు పడలేదంటిరి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తెలుగుల క్లాసుకంతా నేను ఫస్టు. నాకు జెప్పొచ్చిరి పొల్లు గురించి."

"మరి అప్పుడే నిలదీస్తె అయిపోతుండె."

 ఎదురుగా ఎవరినో స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. ఆ చక్రాల చప్పుడు పోయేదాకా అరుణ ఆగింది.

"మామయ్యకు నాలుగు నెలలు చేసిన నేను," అంది. "ఆ పళ్ళెం చప్పుడు నాకింకా వినొస్తది. నాకు భయం కాదా? పీక్ ఎందాక వచ్చిందని రోజు అడుగుతుంటి గద. ఇంకా కాలేదని మీరంటె నిమ్మలమయ్యేది. ఆ టేబుల్ రాస్తున్నన్ని దినాలు మీకేం కానట్టే అనుకున్న. ఇంకిద్దరిని ఎక్కిస్తె బాగుండనుకున్న."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఇద్దరం కలిసే చేశాం ఈ ఆలస్యం. ఒక ఇంట్లో, ఒక బల్ల దగ్గర తింటూ, ఒకరికొకరం అడ్డం పెట్టుకుని.

ఫిబ్రవరి 2, ఆదివారం

టేబుల్ ముగించాను. అందరికంటే పెద్ద పీక్ స్టెఫీ గ్రాఫ్‌ది, 1988. ఫ్రెంచ్ ఫైనల్‌లో ఒక్క గేమ్ కూడా ఇవ్వలేదు, అరగంట దాటి రెండు మూడు నిమిషాల్లో ముగించింది. సెలెస్ గడిలో "తెలియదు" అని రాశాను.

పరమేశ్ రచన ఇంటికి వచ్చాడు. బీరమ్మ జొన్నరొట్టెలు పంపింది, నేను మింగలేనని తెలిసి పాలలో నానబెట్టి తినమని చెప్పి పంపింది. టేబుల్ చూసి, "ముగ్గురు మొగోళ్ళ గురించి ఇరవై ఏండ్లు కొట్లాడి ఆమె పేరు జెప్తివి?" అన్నాడు. నేను కాగితం మీద "ఒప్పుకో" అని రాశాను. ఒప్పుకోనన్నాడు. పదేళ్ళ లెక్క చూస్తే అన్నాడు. అరుణ లోపలి నుంచి వచ్చి, ఇద్దరూ ఆపండి అంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. అదే.

డాక్టర్ సూటిగా చెప్పింది. నవంబర్‌లో వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయి ఉండేదేమో. ఇప్పుడు పక్కకు పాకింది. ముప్పై మూడు రోజుల రేడియేషన్. ప్రాణానికి చాలావరకు భయం లేదు. గొంతు ఎంత తిరిగొస్తుందో మాట ఇవ్వలేను అంది. అరుణ ఏడ్చింది. నేను నవంబర్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పది వారాలు. ఆరుగురు పదముగ్గురైన పది వారాలు.

సోమవారం నుంచి మొదలు. బట్టలు తెచ్చుకోవడానికి సాయంత్రం బండికి వికారాబాద్ వచ్చాం. స్టేషన్‌లో పెట్టిన మోటార్ సైకిల్ తీశాను. అరుణ వెనక కూర్చుంది. దారిలో ఇద్దరం మాట్లాడలేదు.

ఇంటి ముందు ఆపాను. వేలు హారన్ మీదికి పోయింది. తీసేశాను. ఊపిరి పీల్చుకుని, కడుపులోంచి, ఉన్నదంతా పెట్టి, "అరుణా, గేటు," అన్నాను. గరగరమని రెండు ముక్కలు బయటికొచ్చాయి. పక్కింటివాళ్ళకు వినపడి ఉండదు.

"ఆఁ, వస్తున్న," అని వెనకనుంచి దిగి వెళ్ళి గేటు తీసింది.